పిడికిలంత

నవంబరు ఇరవయ్యొకటిన మా హామర్‌ఫెస్ట్‌లో సూర్యుడు
సెలవుచీటీ కూడా ఇవ్వకుండా వెళ్ళిపోతాడు.
మళ్ళీ జనవరిలోనే.
ఆ రెండు నెలలూ ఊరంతా తడుముకునే మనుషులమే,
అందుకే తిరిల్ తడుముకోవడం
నాకు చాన్నాళ్ళు కనపడలేదు.

పిల్ల గడప తన్నుకుంటే బూట్ల తప్పన్నాను,
పాలగ్లాసు దొర్లిస్తే పరధ్యానమన్నాను.
పదిహేడేళ్ళప్పుడు కారు నేర్పుతూ
"పక్కన సైకిలు కనపడలేదా, గుడ్డిదానా" అని అరిచాను.
కారు అమ్మేశాను.
మాట అమ్ముడుపోలేదు.

రేచీకటి అన్నారు మొదట.
రాత్రే రెండు నెలలుండే ఊళ్ళో
ఆ పేరుకి ఎవరు భయపడతారు?

ట్రోమ్సో ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది.
అంతా నలుపు, నడుమ కాస్త తెలుపు.
"చేయి చాచి పిడికిలి బిగించండి" అంది నాతో.
"ఆ పిడికిలి కప్పినంత మేరే మీ అమ్మాయికి లోకం.
అదీ తగ్గుతుంది."
నేను పిడికిలి అలాగే పట్టుకున్నాను
బస్టాపు దాకా,
ఎవరినో కొట్టబోతున్నవాడిలా.
"నాన్నా, చెయ్యి దించు" అంది తిరిల్.
ఇరవయ్యొక్కేళ్ళది.

ఇంటికొచ్చి బల్లల మూలలకు స్పాంజి అతికించాను.
ఆమె కాఫీ నేనే కలిపాను, ఆమె ఫోను నేనే చదివాను,
ఎవరో అబ్బాయి రాసిన సందేశం కూడా, బిగ్గరగా,
చేపల కంపు కొట్టే ఫ్యాక్టరీ బట్టల్లో నిలబడి.
లేచి వెళ్ళి గది తలుపు వేసుకుంది.
తలుపు కోసం మాత్రం తడుముకోలేదు.

కంటికి రెప్పలా కాస్తున్నాననుకున్నాను.
రెప్ప చేసే పని ఇంకొకటుంది కదా,
అప్పుడు తట్టలేదు.

స్టైనార్ మాస్టారు ఓడ దిగాడు, తెల్లకర్రతో.
కర్ర ఆమెకి. పాఠం ముందు నాకు.
"నువ్వు ఆమె చెయ్యి పట్టుకోకు.
ఆమే నీ మోచెయ్యి పట్టుకుంటుంది.
వదిలేదీ ఆమే.
నువ్వు అర అడుగు ముందు నడు, చాలు."
నా కళ్ళకు గంతలు కట్టి రేవుకు పంపాడు.
మంచంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.
కాలిబాట అంచు మింగేస్తుంది,
కర్ర చప్పుడు మింగేస్తుంది,
లోకమంతా ఒకటే దూది.
పడ్డాను.
తిరిల్ నవ్వింది, ఆ ఏడాది మొదటిసారి.
లేపలేదు.
"కుడిపక్క రెయిలింగ్ ఉంది నాన్నా" అంది, అంతే.

అన్నీ కుదుటపడ్డాయని చెప్పను.
డిసెంబరులో ఒకరోజు కర్రను సముద్రంలోకి విసిరేసింది.
ఇంకోటి కొన్నాం. ఎందుకని అడగలేదు.
రాత్రి మూడింటికి దీపాలన్నీ వేసుకుని వంటింట్లో కూచుంటుంది.
షిఫ్టు దిగి వచ్చి నేనూ కూచుంటాను,
కరెంటు బిల్లు ఊసెత్తను.
ఒక్కోసారి బాగా దగ్గరకొచ్చి
నా ముక్కు, కనుబొమ్మ, గడ్డం మీది పాత గాటు
ముక్కలు ముక్కలుగా చూస్తుంది,
కొట్టు కట్టేసేముందు సరుకు లెక్కపెట్టేవాడిలా.
నేను కదలను.
ఈ మధ్య గడ్డం గీసుకోవడం మాత్రం మానడం లేదు.

జనవరి ఇరవయ్యొకటి.
రేవు దగ్గర పిల్లలకి సూర్యుడి పేరు మీద
జామ్ నింపిన బన్నులు పంచుతున్నారు.
కొండ అంచున కాసేపు కనపడి పోతాడు పెద్దమనిషి,
ఆ కాసేపట్లోనే ఆ పిడికిలంత కంతలోకి రావాలి.
"ఎక్కడ?" అంది.
వేలు చూపించబోయాను.
వేలు ఏం పనికొస్తుంది.
"రేవు క్రేను కొసకి ఎడమ, రెండు పిడికిళ్ళ దూరం" అన్నాను.
చేయి చాచింది. పిడికిలి బిగించింది.
ఒకటి. రెండు.
తల తిప్పింది.
ఆగింది.

దొరికాడో లేదో నేనడగలేదు,
ఆమె చెప్పలేదు.
వేళ్ళకు జామ్ అంటిందని మాత్రం అంది,
నా మోచేతికి తుడిచింది,
అక్కడే పట్టుకుంది.